బంగారయ్య కేరేజీ

సత్తిరాజు దవడ మీద నూకరాజు చెయ్యి పడటం ఆ పూటకి అది మూడోసారి. టీ చల్లారిపోయిందని ఒకటి, జెండా కర్ర దారికి అడ్డం పెట్టాడని ఒకటి, ఇప్పుడు ఊరకనే ఒకటి. ఊరకనే కొట్టిందే అన్నిటికన్నా గట్టిగా తగిలింది. కింది పెదవి చిట్లి రక్తం గడ్డం మీదకి దిగింది. సత్తిరాజు తువ్వాలుతో తుడుచుకుని, "పోన్లే అన్నా, ఎండకి నీకు తల వేడెక్కినట్టుంది," అన్నాడు. తన్నులు తిన్నవాడు తన్నినవాణ్ణి ఓదార్చటం మీరెక్కడైనా చూశారా? ఆ రోజుల్లో రాయపూర్ రైలు యార్డుకి వస్తే రోజూ చూసేవారు.

అలాగని సత్తిరాజు అర్భకుడేం కాదు. విజయనగరం అవతలి పల్లెలో కోడెల్ని కొమ్ములు పట్టి కూలేసిన మనిషి. రెండు బియ్యం బస్తాలు చెరో భుజాన వేసుకుని మెట్లెక్కేవాడు. రాయపూర్‌లో గుఢియారి బజార్లో ఒకసారి పిచ్చికుక్క ఒకటి చిన్నపిల్లల మీదకొస్తే మెడ పట్టుకుని విసిరేశాడు. అంతటి వాడికి రెండు గూడ్సు బళ్ళ నడుమనుండే మూడడుగుల చోటు చూస్తే చాలు, మోకాళ్ళు నీరైపోయేవి. చేతివేళ్ళు కొంకర్లు పోయేవి. వాడి ఉద్యోగమేమో సరిగ్గా ఆ మూడడుగుల చోటులోనే.

ఆ పనేమిటో చెప్పాలి. బండికి ముందు రెండు, వెనక రెండు ఇనప పిడికిళ్ళుంటాయి, బఫర్లంటారు. ఇంజను ఒక వరస బళ్ళని తోసుకొచ్చి, నిలబడి ఉన్న ఇంకో వరసకి తాకిస్తుంది. బఫర్లు ధడేల్మని గుద్దుకుని నొక్కుకుంటాయి. ఆ నొక్కుడులోనే నడుమనున్న గొలుసు ఎత్తి అవతలి బండి కొక్కేనికి తగిలించి మర బిగించాలి. బళ్ళు ఆగాకే మనిషి లోపలికి దూరాలని రూలు. కానీ ఆగేవరకూ కూర్చుంటే బళ్ళు వెనక్కి తన్ని ఎడమైపోతాయి, మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని అందరూ ముందే దూరి, గొలుసు చేతపట్టుకుని, వచ్చే బండికి ఎదురు నిలబడేవారు. దూరేవాడు ముందు బయట నిలబడి తన చేత్తోనే పచ్చజెండా ఊపి, ఇంజను కదిలాక దూరాలి. ఎవడి ప్రాణం వాడి చేతిలోనే ఉండాలని పెద్దవాళ్ళు పెట్టిన పద్ధతి అది.

సత్తిరాజుకి ఆ పని నేర్పింది వాడి బావ బంగారయ్య. అక్క దాలమ్మ మొగుడు. ఉత్తరాంధ్ర వాళ్ళు కదా, అక్కని అప్ప అంటాడు సత్తిరాజు. బంగారయ్య పన్నెండేళ్ళు ఆ నడుమ నిలబడ్డాడు, ఒంటి మీద గీత పడలేదు. "ఒరే, లోపలున్నోడికి ఏటీ కాదురా. ఈ బఫర్లు రెండు పక్కలా గుద్దుకుంటాయి, నడుమ నీకు సోటు ఒగ్గుతాయి. బెదిరిపోయి బయటికి దూకితేనే సస్తావు," అని రోజూ చెప్పేవాడు.

సత్తిరాజు ఉద్యోగంలో చేరిన అయిదో రోజు. దేశానికి స్వతంత్రం వచ్చిన ఏడాది, దీపావళికి నాలుగు రోజుల ముందు. బంగారయ్య నడుమ నిలబడి గొలుసుకి గ్రీజు పూస్తున్నాడు. ఎదురుగా బండి వస్తోంది. బావ తల దించుకుని ఉన్నాడు, బండిని చూడలేదేమో అనుకున్నాడు సత్తిరాజు. "బావా! బయటికి రా!" అని గొంతు చించుకుని అరిచాడు.

బంగారయ్య ఆ కేకకి బయటికి వంగాడు. అంతే. రెండు బఫర్లు అతని ఛాతీ దగ్గర కలిశాయి. నోట్లోంచి రక్తం ఎగజిమ్మి సత్తిరాజు మొహాన పడింది. బళ్ళు విడదీసేదాకా బావ అలాగే నిలబడి, కళ్ళు తెరిచి, వాడికేసే చూస్తూ ఉండిపోయాడు.

విచారణలో సత్తిరాజు తన కేక సంగతి దాచాడు. మనిషి కంగారుపడి తానే బయటికొచ్చాడని రాసుకున్నారు. ఇంజన్ల మోతలో ఆ కేక విన్నవాడు ఒక్కడే, పట్టాలు మార్చే పాయింట్ల దగ్గర లీవరు లాగే నూకరాజు. వాడు విచారణలో చెప్పలేదు. తర్వాత సత్తిరాజుని పక్కకి పిలిచి, భుజం మీద చెయ్యేసి, "నీ మేలు కోరి సెప్పనేదురా. మీ అప్పకి తెలిస్తే నిన్ను ఇంట్లో ఉండనిస్తాదా?" అన్నాడు. ఆ చెయ్యి ఏడాదిన్నర అయినా భుజం మీంచి దిగలేదు.

బేరం ఇలా కుదిరింది. సత్తిరాజు నడుమకి దూరలేడు కాబట్టి వాడి బదులు నూకరాజు దూరతాడు. కాగితం మీద డ్యూటీ సత్తిరాజుది కాబట్టి జెండా మాత్రం సత్తిరాజు ఊపుతాడు. డ్రైవరు చూసేది జెండానే, గొలుసు ఎవడు వేశాడో అంత దూరం నుంచి వాడికి కనబడదు. జమాదారు నీడన కూర్చుని బీడీ కాల్చుకునేవాడు, వాడికి పనైతే చాలు. ఇందుకు బదులుగా నూకరాజుకి సత్తిరాజు కూడు పెట్టాలి, బట్టలు ఉతికించాలి, కాళ్ళు పట్టాలి, పట్టిన తర్వాత అదే కాళ్ళతో తన్నించుకోవాలి. మొదట్లో తిట్లే ఉండేవి. మనిషి ఎదురుతిరగడని తెలిశాక చేతులొచ్చాయి. తర్వాత కర్రలొచ్చాయి. దేశానికి స్వతంత్రం వచ్చింది గానీ, అది సత్తిరాజు క్వార్టరు దాకా రాలేదు.

దాలమ్మ తమ్ముడి ఒంటి మీద కమిలిన మచ్చలు చూసి అడిగేది. "ఏటిరా ఇది?"

"బండి తగిలిందప్పా."

"బండికి అయిదేళ్ళుంటాయా? సూడు, నీ సెంప మీద పడ్డాయి."

వాడు చెంప మీదకి తువ్వాలు లాక్కునేవాడు. ఆవిడ నూకరాజుని నోటికొచ్చినట్టు తిట్టి, మర్నాడు మళ్ళీ వాడికి కూడా కలిపి వండేది. తమ్ముడి ఉద్యోగం పోతే ఆ ఒంటిగది క్వార్టరు పోతుందని ఆవిడకి తెలుసు. నూకరాజుతో తగువైతే ఆ ఉద్యోగం ఎందుకు పోతుందో మాత్రం తెలీదు.

ఆ గదిలో అటక మీద ఒక ఇత్తడి కేరేజీ ఉండేది. నాలుగు గిన్నెలది, బంగారయ్యది. ఆ రోజు దాలమ్మ అందులో ఎండుచేపల పులుసు, అన్నం పెట్టి పంపింది. సాయంత్రం మనిషి రాలేదు, కేరేజీ వచ్చింది. మూత తీస్తే వేలు కూడా పెట్టని అన్నం. ఆవిడ ఆ అన్నాన్ని మూడు రోజులు పారబొయ్యలేదు. నాలుగో రోజు తీసుకెళ్ళి ఖారూన్ నదిలో కలిపింది. అప్పటినుంచి శుక్రవారం శుక్రవారం దాన్ని దించి, చింతపండేసి తోమి, ఎండలో ఆరబెట్టి మళ్ళీ అటకెక్కించేది. అందులో ఎవరికీ ఏమీ పెట్టేది కాదు.

పెదవి చిట్లిన మర్నాడు శుక్రవారం. పొద్దున్నే నూకరాజు క్వార్టరుకొచ్చి, గుమ్మంలో చెప్పులతోనే నిలబడ్డాడు. వాడి దగ్గర అప్పటికే ఇప్పసారా వాసన. గుమ్మం పక్కన కూర్చున్న దాలమ్మ ముందు, ఎండలో తళతళలాడుతున్న కేరేజీ వాడి కంట పడింది.

"వదినా, ఇయ్యాల నా కూడు అందులో కట్టు. నాకా సొట్ట గిన్నెలో తినబుద్ధి కావట్నేదు."

"అది మీ బంగారయ్యన్నది బాబూ. అందులో కట్టను," అంది దాలమ్మ నెమ్మదిగానే.

"సచ్చినోడికి కేరేజీ ఎందుకు?"

ఆవిడ దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. "నా ఇంట్లో నిలబడి ఆ మాటంటావా? నీ నోరు పడిపోను! బయటికి నడు!"

నూకరాజు నవ్వాడు. సత్తిరాజు వైపు తిరిగి, "ఒరే సత్తిగా, పట్రా దాన్ని," అన్నాడు. సత్తిరాజు కదల్లేదు. నూకరాజు గొంతు తగ్గించి, "సెప్పనా మరి? కేక సంగతి సెప్పనా?" అన్నాడు.

సత్తిరాజు వెళ్ళి అప్ప ఒళ్ళోంచి కేరేజీ లాగాడు. ఎంత సిగ్గుమాలిన పనో వాడికి తెలియక కాదు. తెలిసే లాగాడు. ఆవిడ వదల్లేదు. "ఒరే, ఒద్దురా తమ్ముడా, ఇది ఒద్దురా," అంటూ పిడి పట్టుకుని వేలాడింది. నూకరాజు రెండడుగులేసి ఆవిడ జుట్టు పట్టి పక్కకి ఈడ్చాడు. ఆవిడ నుదురు గడపకి కొట్టుకుంది. లేవబోతే పక్కటెముకల్లో కాలితో ఒక్కటి తన్నాడు. ఆవిడ ఊపిరందక నేల మీద ముడుచుకుపోయింది. పక్క క్వార్టరు సూరమ్మ తలుపులోంచి చూసి, "ఓలమ్మో!" అని లోపలికి పరుగెత్తింది.

సత్తిరాజు పొయ్యి దగ్గర కూర్చుని, బావ కేరేజీలో నూకరాజుకి అన్నం పెట్టాడు. ఒక గిన్నెలో పప్పు, ఒక గిన్నెలో వంకాయ కూర, ఒక గిన్నెలో మజ్జిగ. మూత బిగించాడు. దాలమ్మ నేల మీంచే వాడికేసి చూసింది. తిట్టలేదు. అచ్చం బావ చూసినట్టే కళ్ళు తెరిచి చూసింది.

పదకొండు గంటలకి యార్డులో పట్టాలు కాలిపోతున్నాయి. తిల్దా మిల్లుల నుంచి వచ్చిన బియ్యం బళ్ళు పది నాలుగో లైన్లో నిలబడి ఉన్నాయి. వాటికి ఇంకో ఎనిమిది కలపాలి. ఆ ఎనిమిదింటినీ తోసుకొచ్చి ఆగిన ఇంజను డ్రైవరు రామమూర్తిగారు, రాజమండ్రి మనిషి. వరస చివర ఇంజను కిటికీలోంచి తల బయటపెట్టి, సత్తిరాజు చేతిలోని జెండా కోసం చూస్తున్నారు. రెండు వరసల మధ్య ముప్పై అడుగుల ఖాళీ ఉంది. గొలుసు వెయ్యటానికి నూకరాజు, నిలబడి ఉన్న పది బళ్ళ వైపు దూరాడు. దూరి ఏం చేశాడనుకున్నారు?

కేరేజీని బండి కొక్కేనికి తగిలించాడు. బఫరు పళ్ళానికి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని, పై గిన్నె చేతిలోకి తీసుకుని అన్నం తినటం మొదలెట్టాడు. ఆ బఫరు ముందు నిలబడటానికి యముడైనా వెనకాడతాడు. నూకరాజుకి మాత్రం ఏ బెంగా లేదు. జెండా ఊపేది సత్తిరాజు. సత్తిరాజు తను చెప్పందే తుమ్మడు కూడా.

"ఆగనీరా ఆ ముసలోణ్ణి. నాను తిన్నాక ఊపు," అన్నాడు నోటినిండా అన్నంతో.

"రామ్మూర్తిగారు సూస్తన్నారన్నా."

"సూడనీ. ఒరే, మీ అప్ప వంట బావుంది. పాపం మీ బావ తినకుండా పోయినాడు గదా, ఆడి వాటా కూడా నానే తింటన్నాను." వేలికంటిన పప్పు నాకాడు. "నువ్వే గదరా ఆణ్ణి పిలిసి సంపినావు. నాకు పున్నెం, నీకు పాపం." అని పకపకా నవ్వాడు. అన్నం మెతుకులు గడ్డం మీదకి రాలాయి.

సత్తిరాజు కుడి చెయ్యి లేచింది. పచ్చజెండా ఎండలో రెండుసార్లు ఊగింది.

ఊపాలనుకుని ఊపాడా, కోపం ఊపించిందా అని తర్వాత చాలామంది అడిగారు. వాడు ఎవరికీ ఒకే జవాబు చెప్పలేదు. ఊపిన మాట మాత్రం నిజం. చంపాలనే ఊపాడు. ఆ ఒక్క క్షణం ఏడాదిన్నరలో ఎప్పుడూ లేనంత హాయిగా ఉంది వాడికి.

రామమూర్తిగారు ఈల వేశారు. గొలుసులు ఒకదాని వెనక ఒకటి కిటకిటలాడాయి. ఎనిమిది బళ్ళూ కదిలాయి. నూకరాజు తలెత్తలేదు. యార్డులో రోజుకి వంద ఈలలు, ఏ లైనుదో ఎవడికి పట్టింది? వాడు రెండో గిన్నెలో వేళ్ళు పెడుతున్నాడు. ముప్పై అడుగులు ఇరవయ్యయ్యాయి.

అప్పుడు సత్తిరాజుకి ఆ ఛాతీ కనబడింది. నూకరాజుది కాదు, బావది. అదే ఎత్తులో, అదే చోట. గొంతులోకి అదే కేక వచ్చింది. బయటికి రా! నోరు తెరిచాడు కూడా. తెరిచి, చేత్తో మూసుకున్నాడు. కేక వింటే మనిషి ఎటు దూకుతాడో దేవుడికే తెలుసు. ఒకసారి అరిచి చూశాడు కదా. ఎర్రజెండా ఊపుదామా అంటే బియ్యం బళ్ళు చెప్పగానే ఆగవు, వాటి బరువు వాటిని తోస్తూనే ఉంటుంది.

కాళ్ళు నీరైపోయాయి, ఎప్పట్లాగే. వేళ్ళు కొంకర్లు పోయాయి, ఎప్పట్లాగే. ఎప్పట్లా కానిది ఒకటే. వాడు ఆ కాళ్ళతోనే నడిచాడు. జెండాలు రెండూ కింద పారేసి, తల వంచి, బఫరు కిందినుంచి ఆ మూడడుగుల చోటులోకి దూరాడు.

దూరుతూనే భుజంతో నూకరాజు డొక్కలో ఒక్క గుద్దు గుద్ది నడిమికి తోశాడు. గిన్నె ఎగిరిపోయింది. నూకరాజు తెల్లబోయి, తర్వాత వస్తున్న బండిని చూశాడు. వెంటనే వాడి ఒళ్ళు వాడి వశం తప్పింది. "ఒగ్గేయ్! సచ్చిపోతానురా, ఒగ్గేయ్!" అంటూ బయటికి దూకబోయాడు, అచ్చం ఆ బఫర్ల వరసలోకే. సత్తిరాజు వాణ్ణి నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. నూకరాజు మోచేత్తో వాడి ముక్కు మీద పొడిచాడు. ముక్కు పగిలింది. భుజం మీద పళ్ళు దిగేలా కరిచాడు. సత్తిరాజు వదల్లేదు. రెండు చేతులూ పెనవేసి, వాణ్ణి కొక్కేనికేసి అదిమి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

ధడేల్!

కుడి పక్కొకటి, ఎడమ పక్కొకటి. చెవులు గింగురుమన్నాయి. బండి పై చెక్కల్లోంచి తవుడు జల్లున నెత్తిన రాలింది. నూకరాజు తువ్వాలు కొస బఫర్ల నడుమ పడి అప్పడంలా అణిగిపోయింది. సత్తిరాజు కళ్ళు తెరిచాడు. వీపుకి ఇనుము తగుల్తోంది, కానీ నొక్కట్లేదు. తుంటికి కొక్కెం ఒరుసుకుంటోంది, కానీ దిగట్లేదు. ఇద్దరు మొగాళ్ళు ఛాతీకి ఛాతీ ఆనించుకుని నిలబడేంత చోటుంది అక్కడ. లోపలున్నోడికి ఏటీ కాదురా అని బావ రోజూ చెప్పిన మాట గుర్తొచ్చి, వాడికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కేరేజీని కొక్కెం మీంచి తీసి చంకలో పెట్టుకున్నాడు. ఏడుస్తూనే గొలుసెత్తి కొక్కేనికి వేసి, మర తిప్పి బిగించాడు. ఏడాదిన్నరలో వాడు వేసిన మొదటి గొలుసు అది.

తర్వాత బఫరు కింద నుంచి బయటికొచ్చి, నూకరాజు కాలు పట్టి కంకర మీదికి ఈడ్చాడు.

నూకరాజు కంకర మీద కూర్చుని కిందపడ్డ జెండాని చూశాడు, సత్తిరాజుని చూశాడు. విషయం అప్పుడు బుర్రకెక్కింది. "నువ్వు ఊపినావు! నన్ను సంపుదామని ఊపినావు!"

"అవును. నానే ఊపినాను," అన్నాడు సత్తిరాజు.

నూకరాజు చేతికందిన ఇనప కడ్డీతో వాడి మోకాలి మీద కొట్టాడు. రెండో దెబ్బ పడేలోపల కడ్డీ సత్తిరాజు చేతిలోకి వచ్చింది. వాడు దాన్ని దూరంగా గిరాటేశాడు. ఉత్త చేతులతో కొట్టాడు. ముందు దవడ మీద, తర్వాత నోటి మీద. రెండు పళ్ళు కంకరలో పడ్డాయి. "ఇది నాది. ఇది మా అప్ప జుట్టుకి. ఇది మా అప్ప డొక్కలో తన్నినందుకు. ఇది మా బావ కూటికి." ఒక్కో మాటకి ఒక్కో గుద్దు. నూకరాజు మొహం గుర్తుపట్టలేనట్టయింది. పక్క లైన్లో బస్తాలు మోసే ఛత్తీస్‌గఢీ హమాలీలు "అరే, కా హోగే గా!" అని, ఏమైందని అడుగుతూ మూగారే గానీ, ఒక్కడూ నడుమకి రాలేదు. ఏడాదిన్నరగా వాళ్ళూ చూస్తూనే ఉన్నారు.

రామమూర్తిగారు ఇంజను దిగి పరుగెత్తుకొచ్చి సత్తిరాజు మెడ పట్టి లాగారు. "చచ్చిపోతాడ్రా! ఉరికంబం ఎక్కుతావా? వదులు!"

సత్తిరాజు వదిలాడు. రొప్పుతూ నిలబడ్డాడు. నూకరాజు రక్తం ఉమ్మి, వాచిన నోటితో, ఇంకా మిగిలున్న ఒక్క ఆయుధం బయటికి తీశాడు. "మీ అప్పకి సెప్తాను. కేక నీదని సెప్తాను. ఇయ్యాలే సెప్తాను!"

బళ్ళ నడుమకి దూరటం కన్నా కష్టమైనది ఒకటి మిగిలిపోయిందని సత్తిరాజుకి తెలిసింది. చంకలో కేరేజీ సర్దుకుని, ఇంకో చేత్తో నూకరాజు కాలరు పట్టుకున్నాడు. "పద. నువ్వు సెప్పడమెందుకు, నానే సెప్తాను. నువ్వు ఇను."

యార్డు దాటి, బొగ్గుల దిబ్బ పక్కనుంచి, మధ్యాహ్నపు ఎండలో వాణ్ణి క్వార్టర్ల వరకూ ఈడ్చుకుపోయాడు. కొళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు వదిలేసి వెంటబడ్డారు. దాలమ్మ నుదుటికి పసుపు గుడ్డ కట్టుకుని పొయ్యి ముందు కూర్చుని ఉంది. గుమ్మంలో రక్తం మొహాలతో ఇద్దరు మగాళ్ళని చూసి లేచి నిలబడింది.

సత్తిరాజు కేరేజీని ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టాడు. కింది గిన్నె సొట్టపోయింది, పై గిన్నె లేదు.

"అప్పా. బావ తనంతట తాను బయటికి రానేదు. నాను కేకేసినాను. బయటికి రా బావా అని అరిసినాను. నా కేకకే వొచ్చినాడు. నానే సంపినాను. ఈడు అది ఇని ఇన్నాళ్ళూ నన్ను ఆడించినాడు. నాను భయపడి నీకు సెప్పనేదు."

దాలమ్మ పొయ్యి పక్కనున్న ఊదుగొట్టం తీసింది. అది ఇనప గొట్టం. తమ్ముడి భుజం మీద కొట్టింది. "ఏడాదిన్నర!" ఇంకో భుజం మీద కొట్టింది. "నా సేతి కూడు తింటా ఏడాదిన్నర దాసినావా!" తల మీద కొట్టింది. జుట్టులోంచి రక్తం సన్నగా చెవి మీదకి కారింది. సూరమ్మ అడ్డం రాబోతే ఆవిణ్ణి కూడా తోసేసింది. ఎవరు చెయ్యెత్తినా మొహం దాచుకునే సత్తిరాజు, ఆ రోజు రెండు చేతులూ కిందికి వదిలేసి, అప్ప కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు. ఒక్క దెబ్బా తప్పించుకోలేదు. గుమ్మంలో నూకరాజుకి తను తెచ్చిన మాట ఖర్చైపోయింది. గుంపులోంచి తప్పుకుంటూ ఎటో పోయాడు. తర్వాత ఫిర్యాదు కూడా ఇవ్వలేకపోయాడు. కాగితం ప్రకారం పాయింట్ల దగ్గర ఉండాల్సిన వాడు బళ్ళ నడుమ అన్నమెందుకు తింటున్నాడని అడిగితే ఏం చెప్తాడు?

దాలమ్మ చేతులు అలిసిపోయాయి. గొట్టం కిందికి దించింది.

"ఏటని కేకేసినావు? మళ్ళీ సెప్పు."

"బావా, బయటికి రా అని."

"నీ మాటకి వొచ్చినాడా?"

"వొచ్చినాడప్పా."

ఆవిడ గొట్టం పారేసి నేల మీద కూలబడింది. "సచ్చినోడు! పదేళ్ళు కాపరం సేసినాను, నా మాట ఒక్కటీ ఇన్నేదు. ఆ పని మానెయ్ అన్నాను, ఇన్నేదు. ఆ సుట్ట మానెయ్ అన్నాను, ఇన్నేదు. నీ మాట ఇన్నాడురా! నీ మాటొక్కటే ఇన్నాడు!" అంటూ గుండెలు బాదుకుని ఏడ్చింది. మనిషి పోయినప్పుడు కూడా ఆవిడ అలా ఏడవలేదని సూరమ్మ చెబుతుంది. సత్తిరాజు వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఆవిడ వాణ్ణి రమ్మనలేదు, పొమ్మనలేదు. కాసేపటికి వాడి తల మీద రక్తం కారుతున్న చోట అరచెయ్యి అదిమి పెట్టి, అలాగే ఏడ్చింది.

మర్నాడు పొద్దున్న సత్తిరాజు లేచేసరికి తలకి కట్టుంది, ముక్కు గుమ్మడికాయంత ఉబ్బింది, మోకాలు మడతపడట్లేదు. అయినా డ్యూటీకి బయల్దేరాడు. భయం ఎక్కడికీ పోలేదు, వాడితోబాటే చొక్కా తొడుక్కుంది. వాడు గుమ్మం దాటబోతుంటే దాలమ్మ పిలిచింది.

ఆవిడ చేతిలో ఇత్తడి కేరేజీ ఉంది. సొట్ట రాయి పెట్టి కొట్టి బాగుచేసింది, చింతపండేసి తోమింది. మూడు గిన్నెలే ఉన్నాయి. మూత సందులోంచి ఎండుచేపల పులుసు వాసన వస్తోంది. సత్తిరాజు చెయ్యి చాపటానికి జంకాడు. ఆవిడే వాడి వేళ్ళు పట్టుకుని పిడి చుట్టూ మడిచింది.

"తినాల. మెతుకు మిగల్సకుండా తినాల," అంది. "సాయంత్రం ఖాళీ కేరేజీ నా సేతికి నువ్వే తెచ్చియ్యాల. ఇనబడిందా?"

"ఇనబడిందప్పా," అని సత్తిరాజు కుంటుకుంటూ యార్డు వైపు నడిచాడు.